ఇంటి గొయ్యి – ఊరి చట్టము

మనలో గృహస్థుడైన వాని నెవరినైనను అడిగి చూడుడు. గృహప్రవేశము ఏ తిథినాడు జరిగినదో చెప్పగలడు. వీథివాకిలి ఏ దిక్కున నుండవలెనో, వంటయిల్లు ఏ మూల నుండవలెనో వాస్తుశాస్త్రమును ఉదాహరించి వాదింపగలడు. పెరటి బావిలో ఎన్ని యడుగులకు నీరు పడినదో తండ్రి చెప్పగా విని యున్నాడు. కాని తన యింటి మఱుగుదొడ్డినుండి పోవునది ఏ గోతిలో పడుచున్నది? ఆ గొయ్యి యెంత లోతు? దానిని కడపట తెఱచి శుభ్రము చేయించినది ఎన్నడు? అందుండి తీసినదానిని ఎక్కడ పాఱబోసిరి? ఈ ప్రశ్నలకు సమాధానము రాదు. ఇల్లాలి నడిగినను రాదు. ఆ గోతి మూతపై పలకలు పఱచి, సిమెంటుతో పూడ్చి, పైన పూలకుండీలు పేర్చుకొన్న యిండ్లు మన పట్టణములలో కోకొల్లలు.

ఈ మఱపు కేవలము సోమరితనమువలన కలిగినది కాదు; దానికొక చరిత్ర యున్నది. గొయ్యి ఇంటివాని సొత్తు. దాని కంపు, దాని ఊట, దానివలని రోగము మాత్రము ఊరివారందఱి పాలబడును. ఇంటివాని స్వాతంత్ర్య మెచ్చట ముగియును, ఊరి యధికార మెచ్చట మొదలగును అను ప్రశ్న ఎనిమిదివందల యేండ్లకు పైగా నగరపాలకులను బాధించుచున్నది. వారు చేసిన చట్టములను వరుసగా చూచినచో ఒక సంగతి స్పష్టపడును. మొదట ఆ చట్టములు పొరుగువాని గోడను తలచినవి; పిమ్మట ఊరి గాలిని తలచినవి; అటుపిమ్మట త్రాగునీటిని తలచినవి. గోతిలోనికి దిగు మనుష్యుని మాత్రము అందఱికంటె కడపట తలచినవి. ఈ కథను ఎఱుగుట మనవంటి గృహస్థులకు అవసరమని నా నమ్మకము.

లండను నగరమున 1189వ సంవత్సరము నాటివని పేర్కొనబడు గృహనిర్మాణపు కట్టుబాట్లు కొన్ని నిలిచి యున్నవి. అందు మలగుంటను గుఱించి యొక నియమము గలదు. గుంటకు లోపల రాతికట్టడమున్నచో పొరుగువాని హద్దునుండి రెండున్నర యడుగుల దూరమున త్రవ్వుకొనవచ్చును. రాతికట్టడము లేనిచో మూడున్నర యడుగులు విడువవలెను. అనగా కట్టినగుంటకు తక్కువ దూరము, కట్టని గుంటకు ఎక్కువ దూరము. ఎంత సులభమైన న్యాయము! దీనిని అతిక్రమించినవానిపై పొరుగువాడు ఫిర్యాదు చేసినచో మేయరును, నగర పెద్దలును స్వయముగా వచ్చి చూచి తీర్పు చెప్పెడివారు. ఆ తగవుల దస్తావేజులు 1301 మొదలుకొని నేటికిని దొరకుచున్నవి. అయితే ఈ చట్టమునకు నోరు పొరుగువాడే. పొరుగువాడు పలుకనిచో చట్టమును పలుకదు. గోడ తడిసినప్పుడు తగవు వచ్చినది గాని, బావి చెడినప్పుడు రాలేదు. ఏలయన, ఆ గుంటకును ఆ బావికిని గల సంబంధ మెవ్వరికిని తెలియదు.

పారిస్ నగరమున రాజు మఱియొక త్రోవ త్రొక్కెను. 1539లో మొదటి ఫ్రాన్సిస్ రాజు శాసన మొకటి వెలువరించి, గుంట లేని యిండ్లవారు గుంట త్రవ్వించుకొనవలె ననియు, త్రవ్వించుకొననివారి యిండ్లను జప్తు చేయుదు మనియు ఆజ్ఞాపించెను. అంతవఱకు వీథిలో పాఱబోయుచున్న దానిని ఇంటిలోనే యుంచుకొనుమని చెప్పుట దీని తాత్పర్యము. తిరిగి 1809లో నెపోలియను ప్రభుత్వము గుంట లెట్లు కట్టవలెనో, గోడలలోనుండి ఊట వెలికి రాకుండ ఏమి చేయవలెనో వివరముగా నిర్ణయించెను. లండను చట్టము పొరుగువాని ఫిర్యాదుతో మొదలైనది. పారిస్ చట్టము ప్రభుత్వపు ఆజ్ఞతో మొదలైనది. నేటి స్థానికప్రభుత్వముల నిబంధనలలో ఈ రెండు పద్ధతులును కలిసియే యున్నవి.

ఇంతలో గుంటలను ఎవరు శుభ్రము చేయుచుండిరి? దీనికి ఇటలీ దేశపు మొదేనా నగరమునుండి యొక సాక్ష్యము వచ్చినది. ఆ యూర ఇండ్లలోని గుంటలను మూడేండ్ల కొకసారి తీయించు ఆచార ముండెను. బెర్నార్దీనో రామజ్జీనీ యను వైద్యుడు తన యింటనే ఆ పని జరుగుచుండగా చూచెను. గోతిలో దిగిన కూలివాడు ఊపిరి సలుపనంత తొందరగా పని చేయుచున్నాడు. అంత తొందర యేలనని వైద్యుడు జాలితో అడిగెను. నాలుగు గంటలకు మించి అందులో నున్నచో కన్నులు పోవుననియు, అందుచేతనే తొందరపడుచున్నాననియు అతడు చెప్పెను. వైద్యుడు వాని యెఱ్ఱబడిన కన్నులను పరీక్షించెను. ఊరిలో ఆ పనిచేసి గ్రుడ్డివారై బిచ్చమెత్తుచున్నవారిని చూచెను. వృత్తులవలన కలుగు రోగములను గుఱించి 1700లో ఆయన ప్రకటించిన గ్రంథమునకు ఆ సంభాషణమే బీజమైనది. కార్మికుల రోగములకు ప్రత్యేకముగా నొక శాస్త్ర మేర్పడుట కిట్లు ఒక ఇంటి మలగుంట కారణమైనది! కాని ఆ గ్రంథము వైద్యుల అలమారలలో నిలిచినది. నగరపాలకుల చట్టములలోనికి రాలేదు.

పందొమ్మిదవ శతాబ్దమున లండను జనసంఖ్య విపరీతముగ పెరిగెను. ఇండ్ల క్రింద గుంటలు నిండి పొరలుచుండెను. 1840ల చివర నగరమునకు నియమింపబడిన కాలువల కమిషనర్లు గుంటలను పూడ్పించి, ఇండ్ల మురుగును కాలువలలోనికి మళ్లింపజొచ్చిరి. ఆ కాలువలన్నియు థేమ్సు నదిలో పడుచుండెను. ఆ నదినుండియే నగరములో పెక్కుమందికి త్రాగునీరు వచ్చుచుండెను. గాలిలోని కంపే రోగకారణమని నమ్మిన పెద్దలు కంపును ఇంటినుండి తొలగించి నీటిలో కలిపిరి! మంచి యుద్దేశముతో చేసిన చట్టముకూడ అజ్ఞానముతో చేసినచో ఎంత కీడు మూడునో చెప్పుట కింతకంటె నిదర్శనము వలదు.

1854 ఆగస్టు చివర సోహో పేటలోని బ్రాడ్ వీథి చుట్టుపట్ల కలరా చెలరేగి 616 మంది మరణించిరి. ఆ వీథిలోని చేతిపంపు నీరే కారణమని డాక్టరు జాన్ స్నో చెప్పెను; పంపు పిడిని తీయించెను. ఆ నీటిలోనికి విష మెట్లు వచ్చినదో అప్పటికి తెలియలేదు. ఆ పేటలోని చర్చి గురువైన హెన్రీ వైట్‌హెడ్ ఇంటింటికి తిరిగి విచారించెను. 40వ నంబరు ఇంట నొక పసిబిడ్డ విరేచనములతో మరణించినది. ఆ బిడ్డ గుడ్డలు ఉతికిన నీటిని తల్లి ఇంటి ముందటి మలగుంటలో పోసినది. త్రవ్వి చూడగా గుంట యిటుకలు చివికిపోయి యున్నవి. ఆ గుంటకును పంపు బావికిని నడుమ దూరము మూడడుగులైనను లేదు. ఆ తల్లి చేసిన దోషమేమి? లోకమున ప్రతి తల్లియు చేయు పనియే చేసినది. దోష మిటుకలది, ఆ యిటుకలను ఏండ్ల తరబడి చూడని యింటి యజమానిది, చూడుమని చెప్పని నగరపాలనది. 1189లో పొరుగువాని గోడకొఱకు విడువుమన్న రెండున్నర మూడున్నర యడుగులు జ్ఞాపకమున్నవి గదా! ఏడు శతాబ్దముల మీదట ఆ కొలత గోడను కాపాడునేమో గాని ప్రాణమును కాపాడజాలదని తేలిపోయినది.

పిమ్మట 1858 వేసవిలో థేమ్సు నది దుర్గంధము పార్లమెంటు సభ్యులకే భరింపరాకపోగా, బజాల్జెట్ అను ఇంజనీరు చేత మహానగరమునకు పెద్ద కాలువలు కట్టించిరి. ధనవంతమైన నగరములలో ఆ విధముగా గుంట పోయి భూగర్భపు కాలువ వచ్చినది. అంత ధనములేని ఊళ్లలో, ఇండ్లు దూరదూరముగ నున్న పల్లెలలో గుంట నిలిచియే యున్నది. ఆ గుంటకు మఱియొక రూప మిచ్చినవారు ఇద్దఱు.

ఫ్రాన్సులోని వెసూల్ పట్టణమున జాన్ లూయీ మూరా అనునతడు 1860 ప్రాంతమున తన యింట గాలి చొరని తొట్టి యొకటి కట్టించెను. కొన్ని యేండ్లకు తెఱచి చూడగా గట్టి మలమునకు బదులుగా చాలవఱకు ద్రవమే కనబడి ఆశ్చర్యము కలిగించినది. 1881లో ఆతనికి దానిపై పేటెంటు హక్కు లభించినది. ఇంగ్లండులోని ఎక్సెటర్ నగరపు సర్వేయరు డొనాల్డ్ కామెరాన్ 1895, 96 సంవత్సరములలో ఇటువంటి తొట్టినే పెద్దగా కట్టించి దానికి సెప్టిక్ ట్యాంకు అని పేరిడెను. సెప్టిక్ అనగా కుళ్లింపజేయునది.

దీని పనితీరు ప్రతి గృహస్థుడును ఎఱుగదగినది. తొట్టిలోనికి వచ్చినదానిలో బరువైనది అడుగున మడ్డిగా పేరుకొనును. తేలికయైనది పైకి తెట్టుగా తేలును. నడుమనున్న నీరు ఆవలి గొట్టముగుండ వెడలిపోవును. గాలి లేనిచోట బ్రతుకు సూక్ష్మక్రిములు మడ్డిని కొంత జీర్ణము చేయును. ‘కొంత’ అను మాటను గుర్తుంచుకొనవలెను. తొలినాళ్లలో ఈ క్రిములు మడ్డిని పూర్తిగ తినివేయుననియు, తొట్టిని ఎన్నటికిని తెఱువ నవసరము లేదనియు పలువురు నమ్మిరి. మురుగును శుద్ధిచేయు విధానములను విచారించుటకై బ్రిటనులో 1898లో నియమింపబడిన రాయల్ కమిషను విచారణలో ఈ నమ్మకము నిలువలేదు. మడ్డి తరుగును గాని పోదు. ఏటేట పేరుకొనుచునే యుండును. అది మితిమీరినచో నీటితోకూడ వెలికి కొట్టుకొనిపోవును. ఆ వెడలు నీరైనను శుద్ధజలము కాదు. రోగక్రిములు దానిలో నుండనే యుండును. దానిని ఇంకుడుగొయ్యిలోనికి పంపి నేలచేత వడగట్టింపవలెను. శాస్త్రజ్ఞులు విడిచిపెట్టిన ఆ తొలి నమ్మకమునే మనవారు పలువురు నేటికిని పట్టుకొని వ్రేలాడుచున్నారు. ‘మా తొట్టి ఇరువదియేండ్లైనను నిండలేదు’ అని గర్వముగ చెప్పువారిని మీరును విని యుందురు. నిండకపోలేదు, మడ్డి వారి తొట్టినుండి వీథికాలువలోనికి నడచిపోవుచున్నది.

ఈ తొట్టి మన దేశమునకు వచ్చుటకు ఎంతో కాలము పట్టలేదు. 1897లోనే బొంబాయి మాటుంగాలోని కుష్ఠురోగుల ఆశ్రమమున ఇటువంటి తొట్టిని కట్టి, అందుండి వెలువడు వాయువును పట్టి వాడుకొనిరి. ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలో కలకత్తా దాపున హుగ్లీ తీరపు జనపనార మిల్లులలో కూలీలకొఱకు ఈ తొట్లను కట్టిరి. వానినుండి వెడలు నీటిని జనులు స్నానపానములు చేయు నదిలోనికి వదలవచ్చునా యను వివాదము చెలరేగెను. కాని సామాన్య గృహస్థుని యింటికి తొట్టి అప్పుడే రాలేదు. వాని యింట ఉన్నది పాకీదొడ్డి.

తెలుగు జిల్లాలలో పెక్కు నాడు మదరాసు రాజధానిలో భాగములు. 1884లో ఆ రాజధానికి మునిసిపాలిటీల చట్టమును, లోకల్ బోర్డుల చట్టమును వచ్చినవి. 1920లో రెండిటిని తిరిగి వ్రాసిరి. ఇంటివారు మఱుగుదొడ్డి కట్టుకొనవలె నని ఆజ్ఞాపించుటకును, దానిని పరీక్షించుటకును ఈ చట్టములు పురపాలక సంఘములకు అధికార మిచ్చినవి. అందలి నియమములలో నొకటి నాకు మిక్కిలి అర్థవంతముగ తోచును. దొడ్డిని వాడుకొనువారు దారినపోవువారికిని, ఇరుగుపొరుగువారికిని కనబడకుండ మఱుగు కల్పింపవలె నని ఆ నియమము. మన భాషలో దానికి మఱుగుదొడ్డి యను పేరే యున్నది గదా! వాడుకొనువాని గౌరవమునకు చట్టము మఱుగు కల్పించినది. మఱి శుభ్రముచేయు వాని గౌరవమునకో? తెల్లవాఱకమునుపు వెనుక సందులోనుండి వచ్చి, దొడ్డి వెనుక చిన్న తలుపు తెఱచి, తట్టలోనికి ఎత్తుకొని, నెత్తిన పెట్టుకొని పోయిన స్త్రీని చూడకుండ మనకును మఱుగు కల్పించినది. ఆ వెనుక సందులు మన పాత పట్టణములలో నేటికిని గలవు. ఆ పనిని మునిసిపాలిటీలు తమ నౌకరులచేతనే చేయించినవి. ఆ నౌకరులు దాదాపుగా అందఱును కొన్ని కులములలో పుట్టినవారే. కులమువలన వచ్చిన వెట్టి యీ విధముగా మునిసిపల్ ఉద్యోగ మైనది. అయిననుమాత్ర మేమి? వెట్టితన మందుండి పోలేదు.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట ఈ దురాచారమును తొలగింప ప్రయత్నములు జరిగినవి. 1993లో పార్లమెంటు పాకీపనిని, పాకీదొడ్లను నిషేధించు చట్టము చేసినది. పారిశుద్ధ్యము రాష్ట్రముల విషయము గావున, పార్లమెంటు ఈ చట్టము చేయుటకు రాష్ట్ర శాసనసభలు కొన్ని తీర్మానించి కోరవలసి వచ్చినది; అట్లు కోరిన ఆఱు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశము ఒకటి. ఇది మనకు గౌరవము తెచ్చు సంగతి. తట్టయు చీపురును పోవలెను. నీటితో కడుగు దొడ్డి రావలెను. దానికి తొట్టియో గొయ్యియో ఉండవలెను. ఇట్లు సెప్టిక్ ట్యాంకు సంస్కరణమునకు గుఱుతై మన యిండ్లలోనికి వచ్చినది. 2011 జనాభా లెక్కలనాటికి దేశమందలి పట్టణములలో నూఱిండ్లకు 38 ఇండ్లలో సెప్టిక్ ట్యాంకు లుండగా, భూగర్భపు కాలువకు కలిసినవి 33 ఇండ్లు మాత్రమే. అనగా మన పట్టణ పారిశుద్ధ్యమున కాధారము కాలువ కాదు, ఇంటి తొట్టియే.

తొట్టి యెట్లు కట్టవలెనో చెప్పు నియమములు లేకపోలేదు. భారత ప్రమాణముల సంస్థ 1963లోనే దీనికి నియమావళిని ప్రకటించినది. పిమ్మట దానిని సవరించినది. వెడల్పుకు రెండింతలనుండి నాలుగింతల వఱకు పొడవుండవలెను. ఇంకుడుగొయ్యి త్రాగునీటి బావికి 18 మీటర్ల దూరమున నుండవలెను. రెండేండ్ల కొకమాఱైనను మడ్డిని తీయింపవలెను. ఇంటి ప్లానుకు అనుమతి కోరునపుడు తొట్టి బొమ్మనుకూడ కాగితముపై గీసి చూపుదుము. పురపాలక కార్యాలయమున ముద్ర పడును. దానితో చట్టము కన్ను మూసికొనును. కట్టిన పిమ్మట వచ్చి చూచువా డరుదు. మేస్త్రి చెప్పినట్లు గొయ్యి త్రవ్వుదురు. అడుగున కట్టడ ముండదు. ఇంకుడుగొయ్యికి చోటులేదని గొట్టమును వీథికాలువలోనికి వదలుదురు. మూత పలకల క్రిందికి పోవును. మన పాత చట్టములు గోడ వఱకు వచ్చినవి, దొడ్డి తలుపు వఱకు వచ్చినవి. ఇప్పటి చట్టము కాగితము వఱకే వచ్చినది.

ఈ నిర్లక్ష్యమునకు వెల ఎవరు చెల్లించుచున్నారు? ఏండ్ల తరబడి తెఱువని తొట్టి యొకనాడు పొంగును. అప్పుడు ఇంటివారు కంగారుపడి మనిషికొఱకు వెదకుదురు. ఒకడు దిగును, లేచి రాడు. వానిని లాగుటకు రెండవవాడు దిగును, వాడును రాడు. తొట్టిలో నుండు హైడ్రోజను సల్ఫైడు అను వాయువు కొద్దిగ నున్నప్పుడు కుళ్లిన గ్రుడ్ల కంపు కొట్టును. అధికమైనప్పుడు ముక్కు దానిని గుర్తింపలేదు. కంపు పోయినదని మనిషి భ్రమించును. రెండు మూడూపిరులలో స్మృతి తప్పును. తట్ట మోసిన తల్లుల బిడ్డలే ఇప్పుడు తొట్టిలో దిగుచున్నారు. 1993 నాటి చట్టము తట్టను నిషేధించినది గాని తొట్టిని తలపలేదు.

ఆ లోటును ఎత్తి చూపినవారు ఆ పనిచేసిన కుటుంబములనుండియే వచ్చిరి. కోలారు బంగారుగనుల పట్టణమున అట్టి కుటుంబమున పుట్టిన బెజవాడ విల్సను, ఆంధ్రప్రదేశమున ఉన్నతాధికారిగ నుండిన ఎస్. ఆర్. శంకరన్ మొదలగువారు నడపిన సఫాయి కర్మచారి ఆందోళన్ 2003లో సుప్రీం కోర్టు నాశ్రయించినది. 2013లో పార్లమెంటు క్రొత్త చట్టము చేసి, మురుగుకాలువలలోను సెప్టిక్ ట్యాంకులలోను మనుష్యుని ప్రమాదకరముగ దింపుటను నిషేధించినది. మొదటితప్పునకు రెండేండ్ల వఱకు చెఱ, లేదా రెండు లక్షల వఱకు జుల్మానా, లేదా రెండును. పట్టణసంఘమే కాదు, ఏ గృహస్థుడైనను ఈ చట్టమునకు లోబడినవాడే. 2014 మార్చి 27న సుప్రీం కోర్టు, 1993 మొదలు ఈ విధముగ మరణించినవారి కుటుంబములకు పది లక్షల రూపాయల చొప్పున ఇయ్యవలె నని తీర్పు చెప్పినది. 2023 అక్టోబరులో దానిని ముప్పది లక్షలు చేసినది.

చట్టమున నొక చిల్లు లేకపోలేదు. రక్షణ సాధనములు ఇయ్యకుండ దింపుటయే ప్రమాదకరమైన శుభ్రతయని అందు నిర్వచింపబడినది. చేతికి తొడుగులిచ్చితిమి, మూతికి గుడ్డ కట్టితిమి అని చెప్పి తప్పించుకొనువారి కది దారి యిచ్చుచున్నది. మూతికి కట్టిన గుడ్డ విషవాయువు నాపదు. మనిషి దిగనక్కఱలేని విధముగ తొట్టిని ఉంచుటయే అసలు రక్షణ. తొట్టి అట్లుండవలె నన్నచో అది పొంగకమునుపే యంత్రముతో మడ్డిని పీల్పింపవలెను. ఆ పని గృహస్థుని జ్ఞాపకమునకు విడిచిపెట్టినచో జరుగదని ఎనిమిదివందల యేండ్ల చరిత్ర చెప్పుచున్నది.

ఇచ్చట స్థానికప్రభుత్వము చేయదగిన పని స్పష్టమగుచున్నది. జపాను దేశమున 1983లో ఇంటి తొట్లకు ప్రత్యేక చట్టము చేసిరి. తొట్టి గల యింటివాడు నియమిత కాలమున దానిని శుభ్రము చేయింపవలెను. ప్రభుత్వము గుర్తించిన పరీక్షకుడు ఏటేట వచ్చి వెడలు నీటిని పరీక్షించును. మన దేశమున మహారాష్ట్రలోని వాయి, సిన్నర్ అను చిన్న పట్టణములు 2018 మొదలు వాడల వారిగ వరుస యేర్పఱచి, మూడేండ్ల కొకసారి ప్రతి యింటి తొట్టిని తీయింపసాగినవి. అందుకు పారిశుద్ధ్యపు పన్ను వసూలు చేసిరి గాని, బండి వచ్చినప్పుడు రుసుము అడుగలేదు. మొదేనా నగరపు ‘మూడేండ్ల కొకసారి’ యను పాత ఆచారము మరల కనబడుచున్నది! భేదమేమన, నాడు మనిషి దిగినాడు, నేడు గొట్టము దిగుచున్నది. మన వరంగల్లు మహానగర పాలకసంస్థ 2016లో తొట్ల మడ్డిని గుఱించి నిబంధనలు చేసి, దేశమున ముందునడచిన నగరములలో నొకటియైనది. మడ్డిని పీల్చు బండ్లకు లైసెన్సు ఉండవలె నని ఆ నిబంధనలు చెప్పినవి. ఊరి దాపున అమ్మవారిపేటలో మడ్డిని శుద్ధిచేయు కేంద్రమును నెలకొల్పిరి. 2017లో కేంద్రప్రభుత్వము దీనిని గుఱించి జాతీయ విధానమును ప్రకటించినది. బండివాడు చీకటిలో చెఱువుగట్టున విడిచిపోవుచున్న దానికి ఒక గమ్యస్థాన మేర్పడుట చిన్న సంగతి కాదు.

దీనికి ఆక్షేపణ రాకపోదు. ‘నా యింటి గొయ్యిని చూచుటకు సర్కారు మనిషి రావలెనా? పన్ను మీద పన్నా?’ అని గృహస్థు డనును. మొదటిదానికి బ్రాడ్ వీథియే సమాధానము. గొయ్యి గడప లోపల నున్నను దాని ఊట గడప నెఱుగదు. రెండవదానిలో న్యాయము కొంత గలదు. ఒంటిగది యింట నుండువానిని పెద్ద తొట్టి కట్టుమని నిర్బంధించి, కట్టనిచో జుల్మానా వేయుట న్యాయము కాదు. అట్టివారికి చౌకయైన మార్గములు గలవు. చోటున్న పల్లెలలో రెండు గుంటల దొడ్డి మేలైనది. ఒక గుంట నిండగానే దానిని మూసి రెండవదానిలోనికి మళ్లింతురు. మూసినది ఏడాది దాటి ఊరకున్నచో పొడియెరువై, కంపులేని మట్టి యగును. దానిని తీయుటకు ఏ కులమువాడును రానక్కఱలేదు. ఇంటివాడే తీసి తోటలో వేసికొనవచ్చును. అందుచేతనే దానిని ఇష్టపడనివారును గలరు. గుంట నెవరో ఒకరు తీయవలెను గాని తాము తీయరాదను భావము మన మనస్సునుండి ఇంకను పోలేదు.

చట్టము చేయు పని చట్టము చేయవలెను. మన యింట మనము చేయదగిన పనియు కొంత గలదు. తొట్టి మూత యెక్కడ నున్నదో తెలిసికొని, దానిపై కట్టిన పలకలను తీయించుడు. ఎంత వెడల్పు, ఎంత లోతు అను కొలతలను ఇంటి దస్తావేజులతోకూడ వ్రాసి యుంచుడు. కడపట శుభ్రము చేయించిన తేదీని లెక్కపుస్తకమున వ్రాసి, మూడేండ్లు దాటకమునుపు లైసెన్సు గల బండినే పిలిపింపుడు. ఆ బండి దేనిని ఎక్కడ విడుచునో అడుగుడు. ఎన్నికలలో ఓటు కోరి వచ్చు కౌన్సిలరును మన యూర మడ్డి శుద్ధిచేయు కేంద్ర మున్నదా యని అడుగుడు. ముఖ్యముగ, తొట్టి పొంగిన నాడు ఎంత తొందర యున్నను, ఎవడెంత తక్కువ కూలికి ఒప్పుకొన్నను, మనిషిని అందులోనికి దింపకుడు.

మొదేనాలో ఆ వైద్యుడు తన యింటి గోతి యొడ్డున నిలిచి, లోపలి మనిషిని పలుకరించెను. అతడు తల యెత్తి చూచెను. మూడువందల యేండ్ల తరువాత మన చట్టములు ఇప్పటికి ఆ గోతి యొడ్డుకు చేరినవి. ఇక ఆ గోతిలో మనిషి యుండకుండ చూచుట మన వంతు.